చుట్టల ఫ్యాక్టరీలో రోమన్ చట్టం

సాన్ ఆంతెరో చుట్టల ఫ్యాక్టరీలో ఒనేలియా ఫుందోరా చేసే పని ఒక్కటే, చదవడం. నూట అరవైమంది బల్లల ముందు కూర్చుని పొగాకు చుడుతుంటే, ఆమె ఎత్తు పీట మీద కుర్చీ వేసుకుని వాళ్ళకు చదివి వినిపిస్తుంది. పొద్దున పేపరు, భోజనాలయ్యాక నవల. క్యూబాలో చుట్టలు చుట్టే చోటల్లా ఒక చదువరి ఉండడం తాతల నాటి నుంచి ఉన్నదే. ఆ మనిషిని మేనేజరు పెట్టడు. పనివాళ్ళే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఏ పుస్తకం చదవాలన్నా వాళ్ళ ఓటే. నచ్చితే ఆకు కోసే కత్తులతో బల్లల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే ఆ కత్తిని నేల మీద పడేస్తారు. మొదటి చప్పుడు వింటే కడుపు నిండిపోతుంది. రెండోది విన్న చదువరికి ఆ పూట ముద్ద దిగదు.

ఒనేలియా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. పదహారో ఏట పొగాకు ఈనెలు తీసే పనిలో చేరింది. ఇరవై ఎనిమిదో ఏట పాత చదువరి పోయినప్పుడు ఆ కుర్చీకి ఏడుగురు పోటీ పడ్డారు. అందులో ఒక బడి పంతులు, రేడియోలో వార్తలు చదివిన ఒకాయన కూడా ఉన్నారు. ఒనేలియా పొగాకు మరకల చేతులతోనే వెళ్ళి ఒక్క పేజీ చదివింది. కత్తుల చప్పుడుకు పైకప్పు రేకుల మీది పావురాలు లేచిపోయాయి. అప్పటికీ ఇప్పటికీ మరో ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి.

గొంతు బావుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆమెకు చిరాకు. "చదవడం ఎవడైనా చదువుతాడు. వినడం అంటే మా హాల్లోకి వచ్చి చూడండి," అనేది. ఆ మాట నిజం. ఆరో తరగతి దాటనివాళ్ళు, మంచు మొహం ఎరగనివాళ్ళు, మంచులో దారి తప్పినవాడు నిద్రపోతే ప్రాణం పోతుందని చెప్పగలరు. ఎప్పుడో పదేళ్ళ కిందట విన్న నవలలో పెళ్ళికూతురి చెల్లెలి పేరేమిటో చెప్పగలరు. చేతులు ఆగవు, చెవులు మూతపడవు. ఒనేలియా దేవుణ్ణి పెద్దగా నమ్మే మనిషి కాదు గానీ, ఆ వినికిడి ముందు మాత్రం రోజూ మనసులో ఒక దండం పెట్టుకునేది.

పందొమ్మిది వందల తొంభై మూడు అది, రష్యా సాయం ఆగిపోయి దేశమంతా కటకటలాడుతున్న కాలం. కరెంటు రోజుకు ఎనిమిది గంటలుంటే పండగే. బస్సులు ఆగిపోయాయి, సబ్బు మాయమైంది, కాఫీలో సగం వేయించిన బఠాణీ పొడి. ఎవరి బట్టలు వాళ్ళకే వదులైపోయాయి. సరిగ్గా ఆ కాలంలో సిక్స్తా కూతురు ఒదాలిస్‌కు యూనివర్సిటీలో లా సీటు వచ్చింది.

సిక్స్తా ఈనెలు తీసే వరసలో గోడవైపు చివరి కుర్చీలో కూర్చుంటుంది. ఇరవై ఏళ్ళు పనిచేసినా ఆమె గొంతు ఎలా ఉంటుందో హాల్లో సగంమందికి తెలియదు. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఉన్నది ఒక్క కూతురు. ఆ పిల్లకు ఆరో ఏట మెదడువాపు జ్వరం వచ్చి రెండు కళ్ళూ పోయాయి. అంధుల బళ్ళో చదువుకుంది, తరవాత మామూలు పిల్లలతో కలిసి చదివింది, వాళ్ళతో సమానంగా పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. ఎవరి దయా కాదు.

యూనివర్సిటీ వాళ్ళు చేయాల్సింది చేశారనే చెప్పాలి. హాస్టల్లో కింది అంతస్తులో గది ఇచ్చారు. అంధుల సంఘం నుంచి టేప్ రికార్డరు ఇప్పించారు. పరీక్షలో గంట ఎక్కువ ఇస్తామన్నారు. పుస్తకాలు చదివి వినిపించడానికి ఇద్దరు క్లాసు పిల్లల్ని అప్పగించారు. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కాగితమే లేదు. బ్రెయిలీకి కావాల్సిన దళసరి కాగితం దేశం మొత్తం వెతికినా దొరకడం లేదు. పగలంతా క్లాసులు, సాయంత్రమైతే కరెంటు కోత. చీకట్లో చదివిపెట్టే పిల్లలకే అక్షరం కనపడదు. రోమన్ చట్టం పుస్తకం నాలుగు వందల పన్నెండు పేజీలుంటే, టర్ము మొత్తం మీద అరవై పేజీలు చదివి వినిపించారు పాపం. ఫిబ్రవరిలో ఒదాలిస్ ఆ పరీక్ష తప్పింది.

జూలైలో ఇంకొక్క అవకాశం ఉంది. అదీ తప్పితే సీటు పోతుంది. ఆఫీసులో ఒకాయన సిక్స్తాను కూర్చోబెట్టి, చక్కెర నీళ్ళిచ్చి, మీ ఊళ్ళో అంధులు చీపుర్లు కట్టే షెడ్డు ఉంది కదా, అక్కడ చోటు చూడమని ఉత్తరం రాసిస్తానని ఎంతో మర్యాదగా చెప్పాడు. చీపుర్లు కట్టడం తక్కువ పని కాదు. కానీ ఒదాలిస్ కష్టపడింది దానికోసం కాదు.

ఏప్రిల్ చివర్లో ఒకరోజు భోజనాల వేళ, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర సిక్స్తా వచ్చి నిలబడింది.

"ఒనేలియా అక్కా, నిన్నొకటి అడగనా?"

"అడుగు తల్లీ. నువ్వు నోరు తెరిచావంటే ఇవాళ వాన పడుతుంది."

సిక్స్తా సంచిలోంచి దిండు గలీబులో చుట్టిన పుస్తకం తీసింది. "ఆదివారాలు కొంచెం కొంచెం... క్యాసెట్లోకి చదివి పెడతావేమోనని."

ఒనేలియా చేతులు లంగాకు తుడుచుకుని పుస్తకం చివరి పేజీ తిప్పి చూసింది. "ఆదివారానికి పది పేజీలు చదివినా వచ్చే ఫిబ్రవరికి గానీ అవదే. పరీక్షెప్పుడు?"

"జూలై పద్నాలుగు."

"పోనీలే అక్కా," అని సిక్స్తా పుస్తకాన్ని మళ్ళీ గలీబులో చుట్టబోయింది.

"ఆగవే. నేను రోజుకు రెండు గంటలు ఎలాగూ చదువుతున్నానా? హాల్లో చదివేస్తే పది వారాల్లో అయిపోతుంది."

సిక్స్తా మొహం పాలిపోయింది. "అమ్మో, వద్దు! అందరి పుస్తకం ఆపేసి నా కూతురికోసం... నన్ను చంపేస్తారు."

"చంపరు. ఓటు వేస్తారు."

అప్పుడు హాల్లో నడుస్తున్నది ఒక హత్య నవల. చెరకు మిల్లు యజమానిని ఎవరో పొడిచి చంపారు. ఇంకా అరవై పేజీలే ఉన్నాయి, అనుమానం నలుగురి మీద ఉంది. హాలు హాలంతా నాలుగు పార్టీలుగా చీలిపోయి ఉంది. అలాంటి సమయంలో ఒనేలియా కుర్చీలోంచి లేచి విషయం చెప్పింది. అందరికన్నా ముందు ఎవెలియో అందుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, ఫ్యాక్టరీలో అతను చుట్టినంత నున్నటి చుట్ట ఇంకెవరూ చుట్టలేరు. నోరు చేతికన్నా చురుకు.

"అంటే ఏంటి ఒనేలియా? ఇవాళో రేపో హంతకుడు దొరుకుతాడనగా వాణ్ణి గాలికొదిలేసి, ఎప్పుడో చచ్చిన రోమన్ల ఆస్తి తగాదాలు వినమంటావా?"

"అవును."

"పోనీ, ఏమైనా బావుంటుందా?"

"మూడు పేజీలు చూశాను. ఘోరంగా ఉంది."

హాలంతా గొల్లుమంది. "ఇదేం చదువరమ్మా! సరుకు పొగిడి అమ్మడం కూడా రాదు," అన్నాడు ఎవెలియో.

"అమ్మడం లేదు, అడుగుతున్నాను. సిక్స్తా కూతురు జూలైలో పరీక్ష తప్పితే యూనివర్సిటీలోంచి పంపించేస్తారు. ఇష్టం లేనివాళ్ళు చెయ్యి ఎత్తక్కర్లేదు. నేనేమీ అనుకోను." చివరి మాట పచ్చి అబద్ధం. చెయ్యి ఎత్తనివాళ్ళ పేర్లు చచ్చేదాకా గుర్తుపెట్టుకోవాలని ఆమె అప్పటికే నిశ్చయించుకుంది.

నూట అరవైమందీ గోడవైపు చివరి కుర్చీకేసి చూశారు. సిక్స్తా చేతిలో ఆకునే చూస్తోంది. ఎవెలియో నిట్టూర్చి, "ఆ దొంగవెధవ ఇంకో పది వారాలు హాయిగా తిరుగుతాడన్నమాట," అని చెయ్యి ఎత్తాడు. ఆ వెంటనే వరసలు వరసలుగా చేతులు లేచాయి, పొగాకు పసరుకు ముదురు గోధుమరంగు తిరిగిన చేతులు. ఒనేలియాకు పేర్లు గుర్తుపెట్టుకునే అవసరం రాలేదు. కత్తుల చప్పుడు ఎన్నోసార్లు విన్న మనిషి, ఆ చప్పుడు లేకుండా లేచిన ఆ చేతుల్ని చూసి లెక్కపెట్టడం మరిచిపోయింది. నవల మేనేజరు సొరుగులో పెట్టి తాళం వేశారు, దొంగతనంగా ఎవరూ చివరి పేజీ చూడకుండా.

మొదటి వారం నరకం. ఒనేలియాకే అర్థం కాని వాక్యాలు, ఊపిరి తీసుకోవడానికి చోటివ్వని పొడుగు వాక్యాలు. మంగళవారం నాలుగు కత్తులు నేలమీద పడ్డాయి, బుధవారం తొమ్మిది. కోపంతో కాదు, నిద్రతో. టేపులకు ఇంట్లో ఉన్న పెళ్ళి పాటల క్యాసెట్లు తెచ్చిచ్చారు. బ్యాటరీలు టార్చిలైట్లలోంచి తీసిచ్చారు. అవి నీరసపడితే ఎండలో కిటికీ గట్టు మీద పేరిస్తే ఇంకో గంట పనిచేసేవి. కరెంటు పోయినప్పుడు మైకు ఉండేది కాదు. ఒనేలియా కుర్చీ దిగి బల్లల మధ్య నడుస్తూ గొంతెత్తి చదివేది. అరువు తెచ్చిన రికార్డరును సిక్స్తా బల్ల మీదే ఉంచారు, ఆ మూల చప్పుడు తక్కువని.

రెండో వారంలో తేనెటీగలు వచ్చాయి. నీ తేనెపట్టులోంచి ఈగలు లేచిపోతే, అవి నీ కనుచూపు మేరలో ఉన్నంతసేపూ, నువ్వు వెంటపడగలిగినంతసేపూ నీవే. కంటికి దూరమైతే ఎవరు పట్టుకుంటే వాళ్ళవి. ఒనేలియా ఆ పేరా చదవగానే ఎవెలియో కత్తి ఆగింది.

"మళ్ళీ చదువు."

చదివింది.

"మరి పావురాలో?"

పావురాల సంగతి తరవాతి పేరాలోనే ఉంది. వెళ్ళి తిరిగొచ్చే అలవాటు ఉన్నంతకాలం అవి యజమానివే. ఎవెలియో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "విన్నారా? విన్నారా? మా పక్కింటి దొంగసచ్చినోడు నా పావురాలు ఆరింటిని కూర వండుకున్నాడు. అవి సాయంత్రానికి ఇంటికొచ్చే పావురాలు! రోమన్లకు తెలుసు, వాడికి తెలీదు!"

ఆ రోజు నుంచి ఒక్క కత్తీ కింద పడలేదు. ఏటి మధ్యలో కొత్తగా తేలిన లంక ఎవరిది? నా పెయింటుతో నీ పలక మీద బొమ్మ వేస్తే పలక ఎవరిది? ఒక పేరా చదవడం, పది నిమిషాలు పోట్లాడుకోవడం. వరదలో కొట్టుకొచ్చిన పంది గురించి రెండు వరసలవాళ్ళు మూడు రోజులు మాటలు మానేశారు. చుట్టలు మాత్రం లెక్క తప్పకుండా తయారయ్యేవి. రోమ్ ఎక్కడుందో అడిగితే చెప్పలేని ఒకావిడ, స్వాధీనంలో ఉండడం వేరు, సొంతం కావడం వేరని ఇంట్లో మొగుడికి ఎంత బాగా చెప్పిందో, అది అతనికి ఎంత ఇబ్బంది తెచ్చిపెట్టిందో ఊరంతా చెప్పుకుంది.

మే నెలలో ఒక శనివారం ఒదాలిస్ లారీ పట్టుకుని ఇంటికి వచ్చింది. సన్నటి పిల్ల, మాట మాత్రం గట్టి. ఒనేలియా సిగ్గుపడుతూ వెళ్ళింది. "మావాళ్ళ గోలంతా టేపులో పడిపోయిందమ్మా. చెరిపేసి మళ్ళీ చదవనా?"

"చెరపకండి పెద్దమ్మా!" అంది పిల్ల కంగారుగా. "ఒట్టి పుస్తకం వింటే నిద్రొస్తుంది. ఎవెలియో తాత ఎదురు తిరిగినప్పుడే నాకు అర్థమవుతుంది. టేపు అస్సలు ఆపొద్దు. అందరూ వెళ్ళిపోయేదాకా తిరగనివ్వండి."

జూన్ మధ్యలో నిధి దగ్గరకు వచ్చారు. అక్కడే జరిగింది ఆ పొరపాటు. ప్రపంచంలో ఇంకెవరూ చేయని పొరపాటు, చుట్టల ఫ్యాక్టరీలో తప్ప. పొలంలో పనిచేసేవాడికి అనుకోకుండా పాత బంగారం కుండ దొరికితే, సగం దొరికించుకున్నవాడికి, సగం పొలం యజమానికి అని ఉంది పుస్తకంలో.

"అన్యాయం!" అన్నాడు ఎవెలియో. "పలుగు ఎవడి చేతిలో ఉంది? నడుం ఎవడిది? మొత్తం తవ్వినవాడిదే."

"నాకు చెప్పకు, రోమన్లకు చెప్పు," అంది ఒనేలియా.

"ఓటు పెట్టు."

"ఇది నవల కాదయ్యా, చట్టం. చట్టానికి ఓటేంటి?"

"ఎందుకు లేదు? మేనేజరు లంచ్ టైం మార్చినా మన ఓటు అడగాలి. వీళ్ళెవరో మనల్ని అడక్కుండా నిధి పంచేస్తారా?"

హాలంతా కత్తులు మోగించింది. ఒనేలియాకు కక్కలేక మింగలేక అయింది. చివరికి చేతులు లెక్కపెట్టింది. నిధి మొత్తం తవ్వినవాడిదేనని నూట నలభై మూడు. పుస్తకం చెప్పినట్టు చెరి సగమని పదిహేడు. ఆ పదిహేడులో సిక్స్తా చెయ్యి ఉండడం చూసి ఒనేలియా ఆశ్చర్యపోయింది. గెలిచినవాళ్ళ కేకల్లో ఇంక ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. తీర్మానాన్ని ఫ్యాక్టరీ తీర్మానాల పుస్తకంలో రాయించారు. ఆ తరవాత నిధి మాట ఎప్పుడొచ్చినా, "మనం తీర్మానించేశాం కదా," అనేవారు. రెండు వేల ఏళ్ళ చట్టాన్ని పది నిమిషాల్లో కొట్టేశారు. ఒనేలియాకు ఆ రాత్రి నుంచి భయం పట్టుకుంది. ఇదంతా టేపులో ఉంది. పిల్ల తలలో ఏది మిగులుతుంది? పుస్తకం మాటా, నూట నలభైమంది కేకలా?

పరీక్షకు వారం ముందు యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. సెలవులు కాబట్టి అక్కడ పిల్లలెవరూ లేరు. ప్రశ్నలు చదివి, ఒదాలిస్ చెప్పిన జవాబులు రాసే మనిషిని ఆమె తరపువాళ్ళే తెచ్చుకోవాలి. దస్తూరి బావుండాలి. ఒక్క షరతు: ఆ మనిషికి న్యాయశాస్త్రం తెలిసి ఉండకూడదు.

"దానిదేముంది," అన్నారంతా. మంచి దస్తూరి ఉన్నవాళ్ళను ఆరుగురిని ఓటు వేసి ఎన్నుకున్నారు, ఒకరు కాకపోతే ఒకరని. ఎవెలియో వాళ్ళలో మొదటివాడు. జూలై పద్నాలుగున పొగాకు లారీ ఎక్కి, బేళ్ళ మీద కూర్చుని, ఒంటినిండా దుమ్ముతో యూనివర్సిటీలో దిగారు. సిక్స్తా బతిమాలితే ఒనేలియా తోడుగా వెళ్ళింది.

ప్రొఫెసర్ అర్మెంతేరోస్ సైకిలు మీద వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. నవ్వని మనిషి. వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ లోపలికి పిలిచింది. ఒదాలిస్, సిక్స్తా, ఒనేలియా తలుపు పక్క బెంచీ మీద కూర్చుని వింటున్నారు.

"వృత్తి?"

"చుట్టలు చుడతాను కామ్రేడ్. నలభై నాలుగేళ్ళుగా," అన్నాడు ఎవెలియో.

"చట్టం గురించి ఏమైనా తెలుసా?"

"నాకేం తెలుసు? పొగాకు మనిషిని."

"మీ పక్కింటాయన తేనెటీగలు వచ్చి మీ చెట్టు మీద పట్టు పెట్టాయి. ఎవరివి?"

బెంచీ మీద ఒనేలియా కళ్ళు మూసుకుంది. నోరు మూసుకో ఎవెలియో, నోరు మూసుకో.

"ఆయనకి కనిపిస్తూనే ఉన్నాయా, కనపడకుండా పోయాయా? వెంటపడుతున్నాడా, ఇంట్లో కూర్చున్నాడా? అది చెప్పకుండా ఎలా చెప్పమంటారు?" అన్నాడు ఎవెలియో. వెంటనే నాలిక్కరుచుకున్నాడు గానీ ఏం లాభం.

రెండో ఆవిడ లంక దగ్గర దొరికిపోయింది. మూడో అతను తెలియదని చెప్పాలని ఒట్టేసుకుని వెళ్ళాడు. ప్రొఫెసరు కావాలనే పావురాల సంగతి తప్పు చెబితే తట్టుకోలేక దిద్దాడు. ఆరుగురూ అయిపోయారు. ఆఖరికి లారీ డ్రైవర్ని పిలిచారు. రోజూ బేళ్ళు దింపుతూ కిటికీ దగ్గర నిలబడి విన్నవాడేగా, అతనూ అంతే.

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ ఫ్యాక్టరీలో ఎంతమంది?"

"నూట అరవై," అంది ఒనేలియా గుమ్మంలోంచి.

"నూట అరవైమందికీ ఇది వచ్చా?"

"జ్వరంతో సెలవు పెట్టినవాళ్ళకి అక్కడక్కడా రాదు."

ప్రొఫెసరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఇరవై మూడేళ్ళుగా పాఠం చెబుతున్నాను. నా క్లాసులో నలభైమంది. తేనెటీగల ప్రశ్నకు ఎదురు ప్రశ్న వేసినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరు లేరు," అంది మెల్లగా. తరవాత గొంతు సవరించుకుంది. "కానీ రూలు రూలే. పరీక్షకు ఇవాళే ఆఖరు రోజు. చట్టం తెలియని మనిషిని మధ్యాహ్నంలోగా తెచ్చుకోండి. లేకపోతే పిల్ల రానట్టే రాసుకోవాలి."

పరాయి ఊరు, సెలవులు, బస్సుల్లేవు. సిక్స్తా బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. పది వారాలు నూట అరవైమంది కలిసి చేసిన మంచే పిల్ల మెడకు చుట్టుకుంది. ఒనేలియా ముందుకు వచ్చి నిలబడింది.

"నన్ను రాయనివ్వండి."

"మీకు చట్టం తెలుసా?"

"ఆ పుస్తకమంతా గొంతెత్తి చదివింది నేనే. అబద్ధం చెప్పను."

"అర్థమైందా?"

"సగం."

ప్రొఫెసరు రూలు కాగితం తీసి పైనుంచి కిందికి చదివింది. "సగం తెలిసినవాళ్ళ గురించి ఇందులో ఏమీ లేదు," అంది. "ప్రశ్న చదవండి, అంతే. ఆ తరవాత మీ నోట్లోంచి ఒక్క మాట, ఒక్క దగ్గు బయటికొచ్చినా పేపరు చింపేస్తాను. మీ ఎదురుగానే కూర్చుంటాను."

బతుకంతా నోటితో బతికిన మనిషి ఆ ఉదయం నోరు కుట్టేసుకుని కూర్చుంది. మొదటి రెండు ప్రశ్నలూ నీళ్ళు తాగినట్టు వెళ్ళిపోయాయి. పిల్ల చెబుతుంటే వెనకాల హాలంతా మాట్లాడుతున్నట్టే ఉంది. ఈ మాట ఎవెలియోది, ఆ ఉదాహరణ రెండో వరసలోవాళ్ళది. ఒనేలియా చెయ్యి పరుగెత్తింది. మూడో ప్రశ్న తిప్పి చూసింది. నిధి.

చదివింది. ఒదాలిస్ తల వంచుకుని కూర్చుంది. తరవాత మొదలుపెట్టింది.

"రాయండి. సాన్ ఆంతెరో చుట్టల ఫ్యాక్టరీలో ఈ విషయం మీద ఓటు జరిగింది. నూట నలభై మూడుమంది, నిధి మొత్తం తవ్వినవాడిదే అన్నారు."

ఒనేలియా కలం ఆగింది. అయిపోయింది. పిల్ల తలలో మిగిలింది అదే. చివరి వరసదాకా వినిపించే గొంతు ఉంది, జవాబు తెలుసు, రెండు అడుగుల దూరంలో పిల్ల ఉంది. ఒక్క చిన్న దగ్గు చాలు. ఎదురుగా ప్రొఫెసరు రెప్ప వేయకుండా చూస్తోంది. ఒనేలియా పళ్ళు బిగించి, ఆ తప్పు వాక్యాన్ని తన అందమైన దస్తూరితో అక్షరం పోకుండా రాసింది. తన జీవితంలో అంత బరువైన పని చేయలేదని తరవాత చెప్పుకుంది.

కిటికీ బయట ఎవరో సైకిలుకు గాలి కొడుతున్నారు.

"కొత్త పేరా," అంది ఒదాలిస్ చివరికి. "చట్టం మాత్రం పదిహేడుమంది వైపు ఉంది. సగం దొరికించుకున్నవాడికి, సగం పొలం యజమానికి. ఎందుకంటే, ఆ పదిహేడుమందిలో ఒకావిడ చెప్పినట్టు, అతను తవ్వింది కందమూలాల కోసం. దాని కూలి అతనికి ముట్టింది. కుండ అతని కష్టం కాదు, పొలం యజమాని కష్టమూ కాదు. ఎవరి కష్టమూ కానిదాన్ని ఒక్కడే ఎలా ఉంచుకుంటాడు? పంచుకోవాలి. పుస్తకంలో ఈ కారణం ఇంత తేలిగ్గా లేదు. ఆవిడ చెప్పాకే నాకు అర్థమైంది."

ఒనేలియా రాస్తూ పోయింది. కళ్ళు మసకబారితే మోచేత్తో తుడుచుకుంది. చప్పుడు మాత్రం చేయలేదు.

రాసినది ఒకే ఒక్క పేపరు కాబట్టి ప్రొఫెసరు అక్కడే దిద్దింది. సిక్స్తాను లోపలికి పిలిచింది. ఎవెలియో పిలవకుండానే వచ్చాడు. చివరి పేజీని ప్రొఫెసరు రెండుసార్లు చదివింది. పైన అంకె వేసి, గట్టిగా చెప్పింది: "ఐదుకు నాలుగు. పాసు. సెప్టెంబరులో రెండో సంవత్సరంలో చేరు."

"ఒక మార్కు ఎందుకు పోయింది?" అన్నాడు ఎవెలియో.

"తీర్మానాలు చేసినందుకు," అంది ప్రొఫెసరు. అప్పుడు మొదటిసారి నవ్వింది. "ఈ ఆవిడెవరో నేను కలవాలి. పదిహేడుమందిలో ఒకావిడ అన్నావే. పేరేంటి?"

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అంది ఒనేలియా. ప్రొఫెసరు తలూపింది. "ఆ రోజు అలాంటి మాట ఎవరూ అనలేదండీ. హాలంతా గోల. నేను అక్కడే ఉన్నాను కదా, ఎవరూ అనలేదు."

"రికార్డరు ఎవరి బల్ల మీద ఉంది పెద్దమ్మా?" అంది ఒదాలిస్.

అందరూ సిక్స్తా వైపు తిరిగారు. ఆమె గోడకు ఆనుకుని, చేతులు జాకెట్టు అంచులో దూర్చుకుని నిలబడి ఉంది.

"నేనేదో నాలో నేను అనుకున్నాను," అంది. "ఎవరూ వినలేదనుకున్నా."

"నేను విన్నానమ్మా," అంది ఒదాలిస్. "పదకొండు సార్లు."